నెల్లూరు గొర్రె మహాసిరలో 18 మి.మీ. స్టెంట్: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో రోగి ఒక నెల్లూరు గొర్రె. ఆరు పళ్లు వేసిన ఆడది, అంటే సుమారు మూడేళ్లది. బరువు 38 కిలోలు. ఏ జబ్బూ లేదు. మామూలుగా అయితే ఇది సంతోషించాల్సిన విషయమే గాని, ఈ కేసులో మొదటి నుంచి చివరి దాకా చర్చంతా ఆ జబ్బు లేకపోవడం చుట్టూనే తిరిగింది. మనుషుల తుంటి సిరల కోసం తయారవుతున్న ఒక నిటినాల్ స్టెంట్‌ను (నాళాన్ని లోపలి నుంచి తెరిచి ఉంచే లోహపు వల గొట్టం) ఈ గొర్రె అధో మహాసిరలో, అంటే ఒంటి వెనక భాగపు రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరలో, కిడ్నీ సిరలు కలిసే చోటుకు కాస్త వెనక, పెట్టి 180 రోజులు గమనించాం. ఆ తర్వాత సిరను బయటికి తీసి కోసి చూశాం.

తయారీ సంస్థ పేరు గాని, స్టెంట్ డిజైను గాని ఇక్కడ రాయడం లేదు. నేను పశువైద్యుణ్ణి. మత్తు, స్కానింగ్, ఆ తర్వాతి ఆలనాపాలనా నా బాధ్యత. స్టెంట్ పెట్టింది మనుషుల ఆసుపత్రిలో ఇదే పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే తెర మీద చూస్తూ నాళాల్లోంచి చికిత్స చేసే వైద్యుడు. కణజాలం పరిశీలించింది పాథాలజిస్టు. ఒక విషయంలో మా ముగ్గురికీ చివరి వరకూ అభిప్రాయం కలవలేదు. దాని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

సిర సంగతి వేరు

స్టెంట్ అనగానే మనవాళ్లకు గుండె గుర్తొస్తుంది. 1990లలో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి హైదరాబాద్‌లో తయారు చేయించిన కలాం-రాజు స్టెంట్ పేరు చాలామంది వినే ఉంటారు. అది గుండె ధమని కోసం చేసినది. గుండె ధమని వ్యాసం మూడు నాలుగు మిల్లీమీటర్లు. దాని గోడ గట్టిది, లోపల రక్తపోటు ఎక్కువ. పెద్ద సిరలో ఇవన్నీ తారుమారు. వ్యాసం 12 నుంచి 20 మి.మీ. వరకు ఉంటుంది, గోడ పల్చన, మనిషి పడుకుని ఉన్నప్పుడు లోపలి పీడనం పది మి.మీ. పాదరసం అటూ ఇటూ. ధమని తన ఆకారం తాను నిలుపుకుంటుంది. సిరకు ఆ పట్టింపు లేదు. లోపల రక్తం నిండుగా ఉంటే గుండ్రంగా, తగ్గితే కోలగా, ఇంకా తగ్గితే చదునుగా అవుతుంది.

మనిషిలో ఎడమ తుంటి సిర మీదుగా కుడి తుంటి ధమని పోతుంది. వెనక వెన్నుపూస, ముందు కొట్టుకునే ధమని, మధ్యలో సిర నలుగుతుంది. 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వివరించారు కాబట్టి వాళ్ల పేరుతోనే పిలుస్తున్నాం. కొందరిలో ఈ నలుగుడు వల్ల ఎడమ కాలు వాస్తుంది, సిరలో రక్తం గడ్డ కడుతుంది, గడ్డ కరిగినా సిర మచ్చకట్టి ఇరుకవుతుంది. ఇలాంటి సిరల్లో ఏళ్ల తరబడి వేరే అవసరాల కోసం చేసిన వాల్‌స్టెంట్ వంటివాటితోనే నెట్టుకొచ్చారు. సిర కోసమే రూపొందించిన స్టెంట్లకు అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం 2019లో గాని రాలేదు.

సిర స్టెంట్ విషయంలో ధమనికి లేని భయం ఒకటుంది. ధమనిలో స్టెంట్ కదిలితే రక్తం దాన్ని ఇంకా సన్నటి కొమ్మలోకి తోస్తుంది, అక్కడే ఇరుక్కుంటుంది. సిరలో రక్తం గుండె వైపు నడుస్తుంది, దారి పోనుపోను వెడల్పవుతుంది. జారిన స్టెంట్ చేరేది కుడి గుండెకో, ఊపిరితిత్తుల ధమనికో. కాబట్టి సిరలో స్టెంట్ సైజు దగ్గర పిసినారితనం పనికిరాదు. అలాగని చెయ్యి జారవిడిస్తే ఏమవుతుందో ఈ గొర్రె చూపించింది.

కుక్క, పంది, గొర్రె

ఈ రంగం కుక్కలతో మొదలైంది. 1969లో చార్లెస్ డాటర్ కుక్కల కాలి ధమనుల్లో తీగచుట్టలు పెట్టి చూశాడు. పెద్ద సిరల వరకు వస్తే, 1985లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ బృందం ప్రచురించిన పరిశోధనను కొత్తగా చేరినవాళ్లందరి చేతా చదివిస్తాను. సీజర్ జియాంటుర్కో స్టెయిన్‌లెస్ స్టీలు తీగను వంకరటింకరగా వంచి చేసిన స్టెంట్లను ఐదు కుక్కల మెడ సిరలో, మహాసిరలో, పొట్టలోని బృహద్ధమనిలో పెట్టారు. తీగ మందం, వంపుల సంఖ్య, వాటి కోణం, స్టెంట్ పొడవు మారిస్తే విప్పారే బలం ఎలా మారుతుందో చూపించారు. స్టెంట్లు జారలేదు, నాళాలు పూడలేదు, స్టెంట్ దాటిపోయిన పక్క కొమ్మలు తెరిచే ఉన్నాయి. మరుసటి ఏడాదే మహాసిర ఇరుకైన రోగుల్లో దాన్ని వాడిన అనుభవం కూడా అచ్చయింది.

ఆ ఐదు కుక్కలూ ఆరోగ్యమైనవి. మనుషుల్లో వాడకం పెరిగాక స్టెంట్ జారడం, తీగ విరగడం బయటపడ్డాయి. జారకుండా కొక్కేలు చేర్చారు, ముక్కలు విడిపోకుండా దారంతో కలిపారు. కుక్కలేమీ తప్పుడు సాక్ష్యం చెప్పలేదు. ఆరోగ్యమైన సిరలో లోహం ఎలా ఉంటుందని అడిగారు, దానికే జవాబిచ్చాయి.

ఇప్పుడు ఈ పనికి ఎక్కువగా పందులు, గొర్రెలే. పంది రక్తనాళాలు మనిషివాటికి దగ్గరగా ఉంటాయని అందరూ అంటారు, నిజమే. కానీ యార్క్‌షైర్ రకం పంది ఆరు నెలల్లో ఎంత పెరుగుతుందో పెంచినవాళ్లకు తెలుసు. సిర పెరుగుతుంది, స్టెంట్ పెరగదు. తీగలు గోడలోకి కూరుకుపోయి కనిపిస్తే అది స్టెంట్ తప్పా, పంది ఎదుగుదలా అని తేల్చలేం. 30 రోజుల పరీక్షకు పంది బాగానే పనికొస్తుంది. 180 రోజులకు ఎదుగుదల ఆగిన జంతువు కావాలి. అందుకే గొర్రె, అందులోనూ పళ్లు చూసి ఏరుకున్న గొర్రె.

విదేశీ ల్యాబుల్లో అరవై, ఎనభై కిలోల గొర్రెలుంటాయి, వాటి తుంటి సిరలోనే ఈ సైజు స్టెంట్ పడుతుంది. మన నెల్లూరు జాతి పొడగరే గాని బరువు తక్కువ, తుంటి సిర చాలదు. అధో మహాసిర అయితే మనిషి తుంటి సిర కొలతకు దగ్గరగా వస్తుంది. ఈ జాతితో ఇంకో సుఖం, ఒంటి మీద ఉన్ని కాకుండా పొట్టి వెంట్రుకలే ఉంటాయి. ప్రతి అల్ట్రాసౌండుకూ ముందు ఉన్ని కత్తిరించే బాధ తప్పుతుంది.

పెద్ద జంతువు కాబట్టి మా పరిశోధన సంస్థలోని జంతు నైతిక కమిటీ ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, దస్త్రం జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏకు వెళ్లాలి. మా కమిటీ సభ్యుల్లో ఒకరు సూటిగా అడిగారు: రోగి సిర జబ్బుపడి ఉంటుంది, మీరు ఆరోగ్యమైన సిరలో ఎందుకు పెడుతున్నారు? జబ్బు సిరలో ఏ మార్పు జబ్బు వల్ల, ఏది లోహం వల్ల అని విడదీయలేమని, లోహానికీ సిర గోడకూ పొత్తు ఎలా కుదురుతుందో తెలియాలంటే ఆరోగ్యమైన సిరే కావాలని జవాబిచ్చాం. అనుమతి వచ్చింది. ఆ జవాబు అబద్ధం కాదు, అలాగని పూర్తి జవాబూ కాదు.

స్టెంట్ పెట్టిన రోజు

నెమరువేసే జంతువుకు మత్తివ్వడమంటే సగం పని దాని పొట్టతోనే. మేత 24 గంటల ముందే ఆపేశాం, నీళ్లు ముందు రోజు రాత్రి తీసేశాం. డయజెపామ్, కెటమిన్‌తో పడుకోబెట్టి, గొంతులోకి గొట్టం వేసి, ఐసోఫ్లురేన్ మీద ఉంచాం. ఇంకో లావు గొట్టం రూమెన్‌లోకి, అంటే మేత పులిసే పెద్ద పొట్టలోకి, వేశాం, అందులో పుట్టే గ్యాసు బయటికి పోవడానికి. అది లేకపోతే పొట్ట డప్పులా ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. మత్తులో కూడా గొర్రె లాలాజలం ఆగదు, ధారగా కారుతూనే ఉంటుంది. మెడ కింద గుడ్డ చుట్ట పెట్టి మూతి కిందికి వంగేలా ఉంచితే అది బయటికే పోతుంది.

తొడ సిరను అల్ట్రాసౌండులో చూస్తూ గుచ్చి, 10 ఫ్రెంచ్ సైజు షీత్ (పరికరాలు లోపలికి పంపే గొట్టం) వేశాం. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కిలోకు 100 యూనిట్లు ఇచ్చి, రక్తం గడ్డకట్టే సమయం 250 సెకన్లు దాటాకే ముందుకు వెళ్లాం. తర్వాత రంగుమందు పంపి వీనోగ్రామ్, అంటే సిర ఎక్స్‌రే, తీశాం. రేడియాలజిస్టు తెర మీద ఎడమ కిడ్నీ సిర కోసం వెతుకుతున్నారు.

"డాక్టర్ గారూ, దీనికి ఎడమ కిడ్నీ ఉందాండీ?"

"ఉందండీ, కుడి వైపు చూడండి. రూమెన్ దాన్ని అటు నెట్టేస్తుంది."

నవ్వుకున్నాం గాని ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. నెమరువేసే జంతువుల్లో ఎడమ కిడ్నీ వేలాడుతూ ఉంటుంది, పొట్ట నిండిన కొద్దీ నడిమి గీత దాటి కుడి వైపుకు, వెనక్కి జరుగుతుంది. దాని సిర మనిషిలో కంటే వెనక వచ్చి కలుస్తుంది. మనిషి లెక్కన స్టెంట్ ముందు అంచు నిర్ణయిస్తే ఎడమ కిడ్నీ సిర నోటికి అడ్డంగా పడుతుంది. మేం దానికి రెండు సెంటీమీటర్లు వెనక్కి గుర్తు పెట్టుకున్నాం.

ఇప్పుడు అసలు కొలత. సిర లోపలికి పంపే సన్నటి అల్ట్రాసౌండ్ గొట్టంతో (కథెటర్) చూస్తే మహాసిర కోలగా, 9 మి.మీ. ఎత్తు, 15 మి.మీ. వెడల్పుతో కనిపించింది. వైశాల్యం సుమారు 106 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని గుండ్రటి గొట్టంగా లెక్కేస్తే వ్యాసం పన్నెండు లోపే. ఆ అంకె చూసి 14 మి.మీ. స్టెంట్ ఎంచుకుంటే కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది.

ఆ కొలతను ఎందుకు నమ్మలేదో చెబుతాను. ఈ గొర్రె ఒక పగలూ ఒక రాత్రీ మేత తినలేదు, రాత్రి నుంచి నీళ్లు తాగలేదు. ఒంట్లో రక్తం పరిమాణం తగ్గి ఉంది. పైగా వెల్లకిలా పడుకుంది. నాలుగు కాళ్ల మీద నిలబడినప్పుడు రూమెన్ కింద వేలాడుతుంది, మహాసిర దాని పైన, వెన్ను కింద, హాయిగా ఉంటుంది. వెల్లకిలా తిప్పగానే ఆ బరువంతా వెళ్లి మహాసిర మీద కూర్చుంటుంది. అంటే మేం కొలిచింది దాహంతో ఉన్న, బరువు కింద నలుగుతున్న సిరను. గొర్రె లేచి నిలబడి కడుపునిండా నీళ్లు తాగాక ఉండే సిర వేరు.

రింగర్ లాక్టేట్ సెలైను ఎక్కించాం. కుడి పక్క కింద మడతపెట్టిన దుప్పటి దూర్చి, ఒంటిని కొద్దిగా ఎడమకు వాల్చాం. రూమెన్ ఉండేది ఎడమ వైపు, మహాసిర నడిమి గీతకు కాస్త కుడి వైపు. వాల్చితే బరువు అవతలికి జారుతుంది. వెంటిలేటర్‌ను ఊపిరి వదిలిన దశలో కొద్ది క్షణాలు ఆపి మళ్లీ కొలిచాం. ఈసారి 14 ఎత్తు, 16 వెడల్పు. వైశాల్యం 176 చదరపు మిల్లీమీటర్లు, గుండ్రటి లెక్కన వ్యాసం 15 మి.మీ. అదే సిర, అదే చోటు, మధ్యలో జరిగిందల్లా సెలైను, ఒక దుప్పటి. 14 మి.మీ. స్టెంట్‌కు ఈ సిరలో పట్టు దొరికేది కాదు.

ఇక 16 పెట్టాలా, 18 పెట్టాలా అన్నది ప్రశ్న. తయారీదారు పట్టిక ప్రకారం రెండూ కుదురుతాయి. 16 అంటే సిర కంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ, 18 అంటే ఐదో వంతు ఎక్కువ. రేడియాలజిస్టు 18 వైపే మొగ్గారు. ఆయన తర్కం మనుషుల నుంచి వచ్చింది: బిగువు ఎక్కువైతే నడుము నొప్పి మందులకు లొంగుతుంది, వదులైతే స్టెంట్‌ను గుండెలోంచి తీయాల్సి వస్తుంది. నాకూ అదే సబబనిపించింది.

స్టెంట్ పొడవు 60 మి.మీ. స్టెంట్‌ను ముడిచి లోపలికి మోసుకెళ్లే గొట్టం పిడి మీద చక్రం తిప్పుతుంటే తొడుగు వెనక్కి జరుగుతుంది, ముందు వరస కిరీటాలు, అంటే తీగ వంపుల కొనలు, మెల్లగా విచ్చుకుంటాయి. నిటినాల్ ఒంటి వేడికి తన అసలు ఆకారం గుర్తు చేసుకునే లోహం, తొందరపడితే ముందుకు దూకుతుంది. మొదటి రెండు వరసలు గోడను పట్టుకునే దాకా ఆగి, ఆ తర్వాత మిగతాది వదిలాం. చివరి కొలత 16 నుంచి 17 మధ్య, దాదాపు గుండ్రం. తీగలన్నీ గోడను ఆనుకున్నాయి. నడుము సిరల నోళ్లు తెరిచే ఉన్నాయి.

మింగడం మొదలుపెట్టాకే గొంతు గొట్టం తీశాం. పొట్ట మీద కూర్చోబెట్టి, తల నిలబెట్టే దాకా పట్టుకుని, సాయంత్రానికి దొడ్లో దాని జోడు పక్కన వదిలాం. ఒంటరిగా ఉంచితే గొర్రె మేత ముట్టదు. ఆ దిగులును నొప్పి అనుకుని అనవసరంగా మందులు పొడుస్తాం, లేదా దిగులే అనుకుని నిజమైన నొప్పిని వదిలేస్తాం. జోడు ఉంటే ఈ అయోమయం ఉండదు.

ఆరు నెలలు

ఇక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు, అదే మంచిది. గడ్డకట్టకుండా మందులు చర్మం కింద ఇంజెక్షన్ల రూపంలోనే ఇచ్చాం. నోటితో ఇచ్చేవి రూమెన్‌లోని సూక్ష్మజీవుల మధ్య ఎంత మిగులుతాయో, ఎప్పుడు రక్తంలోకి వస్తాయో నమ్మకం లేదు. మనుషుల మాత్రల పట్టికను గొర్రెకు యథాతథంగా రాసి ఇచ్చేవాళ్లను చూశాను, గొర్రె పొట్ట సంగతి తెలియక చేసే పని అది. 30వ రోజు, 90వ రోజు అల్ట్రాసౌండ్‌లో ప్రవాహం సాఫీగా ఉంది, స్టెంట్ గుర్తు పెట్టిన చోటే ఉంది. కాళ్లలో వాపు లేదు. మొదటి నెలలో కాస్త తగ్గిన బరువు తిరిగి వచ్చింది. 180వ రోజు వీనోగ్రామ్‌లో సిర మొత్తం తెరిచే ఉంది, కిడ్నీ సిరలు రెండూ మామూలుగా నింపుకున్నాయి.

అదే మత్తులో హెపారిన్ ఇచ్చి, ఆ తర్వాత పెంటోబార్బిటాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి ప్రాణం తీశాం. హెపారిన్ ముందు ఇవ్వకపోతే చనిపోయాక కట్టిన గడ్డ స్టెంట్‌లో చేరి, బతికున్నప్పటి గడ్డ అన్న అపవాదు మోపుతుంది.

బ్లాకు కోసి చూస్తే

ధమని స్టెంట్ అయితే కణజాలాన్ని వంద మి.మీ. పాదరసం పీడనంతో ఫార్మలిన్ నింపి గట్టిపరుస్తారు. సిరకు అదే పీడనం పెడితే అది జీవితంలో ఎన్నడూ ఉబ్బనంతగా ఉబ్బి, తీగలకూ గోడకూ మధ్య లేని దూరాలు, లేని ఒత్తిళ్లు చూపిస్తుంది. సిరకు సిర పీడనమే పెట్టాలి. సీసాను బల్ల కంటే ఒక జానెడు ఎత్తున వేలాడదీస్తే చాలు. వినడానికి చిన్న విషయమే. కానీ నివేదికల్లో పద్ధతుల భాగం చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఈ ఒక్క అంకెనే.

ఊపిరితిత్తుల్ని పలుచని ముక్కలుగా కోసి చూశాం. సిర స్టెంట్ నుంచి గడ్డ తెగితే చేరేది అక్కడికే. ఏమీ లేదు. బయటికి తీసిన స్టెంట్‌ను రెండు దిశల్లో ఎక్స్‌రే తీస్తే ఒక్క తీగా విరగలేదు. తర్వాత సిరను స్టెంట్‌తో సహా రెసిన్‌లో పోతపోశాం. మామూలు మైనం బ్లాకును కోసే కత్తి లోహం మీద పనిచేయదు. గాజులా గట్టిపడిన రెసిన్ బిళ్లను వజ్రపు అంచున్న రంపంతో కోసి, ఆ ముక్కను కాంతి దూరేంత పల్చగా అరగదీస్తారు. అరగదీసేవాడి చెయ్యి కాస్త బరువైతే తీగ ఊడి, దాని చోట నల్లటి కన్నం మిగులుతుంది. మా టెక్నీషియన్ ఈ విషయంలో నేర్పరి, తీగలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

స్టెంట్ నడుమ తీసిన ముక్కలు పాఠ్యపుస్తకంలో వేసుకోదగినవి. తీగల మీద కొత్త పొర పావు మిల్లీమీటరు మందాన, చుట్టూ సమానంగా పరచుకుంది. వాపు కణాలు అక్కడక్కడే. గడ్డ ఆనవాలు లేదు. తోక వైపు అంచు కూడా దాదాపు ఇంతే.

గుండె వైపు అంచు దగ్గర కథ మారింది. కొన్ని తీగలు సిర గోడ మధ్య పొరను పూర్తిగా దాటి బయటి పొరలోకి చేరాయి. వాటిలో రెండింటి చుట్టూ పీచు కణజాలం కట్టి, పక్కనున్న కొవ్వును పట్టుకుంది. రక్తం బయటికి వచ్చిన గుర్తు లేదు, లోపలి వైపు కొత్త పొర చక్కగా కప్పే ఉంది. గొర్రె బతికుండగా దీని లక్షణం ఒక్కటీ చూపలేదు.

మాకు పొంతన కుదరనిది ఇక్కడే. గాయాన్ని అంకెల్లో చెప్పడానికి అందరూ వాడే కొలమానం 1992లో ష్వార్ట్జ్ బృందం పంది గుండె ధమనుల్లో రూపొందించినది. లోపలి సాగే పొర చెక్కుచెదరకపోతే సున్నా, అది చీలితే ఒకటి, మధ్య పొర చీలితే రెండు, బయటి సాగే పొర కూడా చీలితే మూడు. ధమనిలో ఈ పొరలు గీత గీసినట్టు ఉంటాయి. సిరలో లోపలి సాగే పొర తెగిపోయిన దారాల్లా ఉంటుంది, బయటి పొర సరిహద్దే సరిగా కనిపించదు. పాథాలజిస్టు నిబంధన ప్రకారం అక్కడ మూడు వేశారు, అంటే గరిష్ఠ గాయం. తయారీ సంస్థ ఇంజనీరు ధమని కొలమానం సిరకు వర్తించదు కాబట్టి అంకె తీసేయమన్నారు. రేడియాలజిస్టు అభిప్రాయం వేరు: ఆ అంచు అలా గోడను కరచుకోవడం వల్లే స్టెంట్ ఆరు నెలలు కదల్లేదు, దాన్ని గాయం అనకండి, లంగరు అనండి.

నా అభిప్రాయం ఇది. అంకె ఉండాలి, దాని పక్కన వివరణ ఉండాలి. కొలమానం సిరకు సరిపోదన్నది నిజమే, కానీ ఫలితం నచ్చనప్పుడు మాత్రమే ఆ మాట గుర్తొస్తే ఎవరూ నమ్మరు. నడుమ ముక్కలకు సున్నా, ఒకటి వచ్చినప్పుడు ఇదే కొలమానం మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇక లంగరు వాదన ఈ గొర్రె వరకు ఒప్పుకుంటాను. అయితే ఆ అంచు అలా ఎందుకు దిగిందో కూడా చూడాలి. ఐదో వంతు పెద్ద స్టెంట్, విచ్చుకున్న చివరి కిరీటాలు, దానికి తోడు ప్రతి ఊపిరికీ డయాఫ్రమ్‌తో పాటు ముందుకూ వెనక్కూ కదిలే మహాసిర. గోడ కదులుతుంది, లోహం కదలదు. మనిషి తుంటి సిర పక్కనే ధమని ఉంది, మూత్రనాళం ఉంది. గొర్రెలో కొవ్వును పట్టుకున్న తీగ అక్కడ దేన్ని పట్టుకుంటుందో ముందే ఆలోచించాలి.

గొర్రెను అడగని ప్రశ్నలు

నిశ్చలంగా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిర పీడనం 90 మి.మీ. పాదరసం దాకా పోతుంది. అడుగు వేస్తే పిక్క కండరం పిండి దాన్ని తగ్గిస్తుంది. గొర్రె మహాసిర నేలకు సమాంతరంగా ఉంటుంది, కాళ్లు పొట్టి, ఈ ఎగుడుదిగుళ్లు దానికి తెలియవు. ఎడమ తుంటి సిరను నొక్కే ధమని లేదు. గడ్డ కట్టి మచ్చబారిన గోడ లేదు. కూర్చున్నప్పుడు గజ్జ దగ్గర స్టెంట్ వంగడం లేదు. మా స్టెంట్ ఎక్కడా నలగలేదంటే దాన్ని నలిపేది అక్కడ ఏదీ లేదు.

బోస్టన్ సైంటిఫిక్ వారి వీచి సిర స్టెంట్‌కు 2019లో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది, మనుషుల్లో ట్రయల్ జరిగాకే వచ్చింది. స్టెంట్లు జారుతున్నాయన్న ఫిర్యాదులతో 2021 ఏప్రిల్‌లో సంస్థ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. సైజు ఎంపిక, పెట్టే చోటు, రోగి సిర తీరు, అన్నీ కలిసే జారుడుకు దారితీస్తాయి. ఆరోగ్యమైన జంతువులో, బల్ల మీద నింపి కొలిచి, ఒక నిపుణుడు పెట్టిన స్టెంట్ జారకపోవడం ఆ ప్రశ్నకు జవాబు కాదు. అందుకే మా నివేదికలో "జారుడు లేదు" అన్న వాక్యం కింద సిర స్థితి, సైజు నిష్పత్తి, కొలిచిన పద్ధతి మూడూ రాయించాను.

ఒక్క విషయంలో మాత్రం ఈ గొర్రె నేరుగా రోగి గురించి మాట్లాడింది. రోగి కూడా అర్ధరాత్రి నుంచి ఏమీ తినకుండా, తాగకుండా వచ్చి బల్ల మీద పడుకుంటాడు. రూమెన్ లేకపోవచ్చు గాని దాహం ఉంది. పన్నెండు లోపు ఉన్న అంకె పదిహేను కావడం మేం కళ్లారా చూశాం. తయారీ సంస్థవాళ్లు నివేదికలో రెండో కొలత చాలన్నారు, మొదటిది "సిద్ధం చేయక ముందుది" కాబట్టి. మొదటిదే ముఖ్యమని పట్టుబట్టాను. రెండూ ఉంచారు. వైద్యులకిచ్చే సూచనల పత్రం ముసాయిదాలో కొత్తగా ఒక పేరా చేరింది: సెలైను ఎక్కించాక, ఊపిరి వదిలిన దశలో, ఒక అడ్డుకొలతతో కాకుండా వైశాల్యంతో సైజు నిర్ణయించాలని.

తర్వాతి విడతకు మహాసిర చుట్టూ పట్టీ బిగించి ఇరుకు చేసిన గొర్రెలు కావాలని ప్రతిపాదన పంపాం. పట్టీ వేసిన వెంటనే స్టెంట్ పెడితే అది మెత్తటి గోడను తోసేసి గెలుస్తుంది. కొన్ని వారాలు ఆగి, పీచు కణజాలం గట్టిపడ్డాక పెట్టాలి. అంటే జంతువుకు రెండు ఆపరేషన్లు, మధ్యలో వెనక కాళ్లు వాచే అవకాశం. ఎంత వాపు దగ్గర ప్రయోగం ఆపేయాలో, తొడ చుట్టుకొలత ఎన్ని రోజులకోసారి తీయాలో అంకెల్లో రాసివ్వమని కమిటీ అడిగింది. ఆ పట్టిక తయారు చేస్తున్నాం.